పైకమ్మీల లేయర్

ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు ఒక ఇంటి మూడో అంతస్తు బాల్కనీ గోడ నుంచి విడిపోయి కిందపడింది. దాని మీద ఇద్దరున్నారు. బట్టలు ఆరేస్తున్న ఆవిడ అక్కడికక్కడే చనిపోయింది. ఆవిడ తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ ఇంటి కాంక్రీటులో వేసే ఇనుపకమ్మీల డ్రాయింగులు గీసిన డ్రాఫ్ట్స్‌మన్ పదిన్నరకు కంప్యూటర్ల షాపులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అతని కంప్యూటరును పక్కరేకు ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టారు.

ఏడూ నలభైకి తను ఏం చేస్తున్నట్టు. గడ్డం గీసుకుంటున్నాడు. కాదు, గడ్డం అప్పటికే అయిపోయింది, ఈ డబ్బాని పాత దుప్పట్లో చుట్టి తాడు బిగిస్తున్నాడు, ముడి మీద భార్య వేలు పెట్టి పట్టుకుంది, వేలు తియ్యవే అంటే తీస్తే వదులైపోతుందండీ అంది, ఆ వేలు అక్కడ ఉండగానే అది పడి ఉంటుంది. ఇక్కడ ముడి, అక్కడ బాల్కనీ. మూడున్నర అడుగులు బయటికి, పదకొండడుగుల పొడవు, అయిదంగుళాల మందం. కొలతలు పిలవకుండానే వస్తున్నాయి. లెక్క కట్టొద్దు అనుకుంటూనే బరువు కట్టేశాడు, టన్ను పైచిలుకు, మనుషులు కాకుండా, బట్టల బకెట్టు కాకుండా.

"ఏం బాబాయ్, ఇవాళ నిజంగానే తీసుకుంటారా, లేక వచ్చేవారమా?" అంది షాపావిడ. ఆమె స్క్రూడ్రైవరు చెవి వెనక పెట్టుకుంటుంది, వడ్రంగి పెన్సిలు పెట్టుకున్నట్టు. రెండేళ్లలో అతను గ్రాఫిక్స్ కార్డు కోసం ఈ షాపుకి నాలుగుసార్లు వచ్చాడు. నాలుగుసార్లూ వచ్చేవారం వస్తానమ్మా అని వెళ్లిపోయాడు. అతను వెళ్లాక షాపులో అందరూ వచ్చేవారం బాబాయ్ అనుకుంటారని అతనికి తెలుసు. ఇవాళే అన్నాడు. "అయితే వాన పడుతుంది" అంటూ ఆమె పాత కార్డు బయటికి లాగి, దాని ఫ్యాను వేలితో తిప్పింది. తిరగలేదు. "ఇది పోయి నాలుగు రోజులే అంటున్నారు. నన్నడిగితే నాలుగేళ్ల కిందటే పోయింది బాబాయ్, మీకు చెప్పడానికి మొహమాటపడింది." అతను నవ్వాడు. నవ్వినట్టు తనకే వినిపించింది. నవ్వు వచ్చిందే, ఎలా వచ్చింది.

ఫోను తొమ్మిదీ పదికి వచ్చింది. అతనికి పని ఇచ్చే ఇంజినీరు గారు మామూలుగా ఏమయ్యా అంటారు, ఇవాళ అనలేదు. మెట్లు మూలకొచ్చిన ఇల్లు గుర్తుందా, ఏడూ నలభైకి దాని మూడో అంతస్తు బాల్కనీ పోయింది, మనిషి పోయింది, అన్నారు. తరవాత, నీ ఫైల్లో పైకమ్మీలు ఉన్నాయిగా. ఉన్నాయండీ అన్నాడు. అబద్ధం కాదు. బాల్కనీ అంటే ఒక పక్క మాత్రమే పట్టు ఉన్న పలక, రెండో పక్క గాలి. దాని బరువు మోసేది పైన ఉండే కమ్మీలు. కింద ఎన్ని కట్టినా అవి అక్కరకు రాని చుట్టాలు. ఈ సంగతి ఇరవై ఆరేళ్లుగా తెలుసు. పది మిల్లీమీటర్ల కమ్మీలు, అయిదంగుళాలకొకటి, గది పలకలోకి అయిదడుగులు లోపలికి. గీశాడు. గీసిన సంగతి చేతికి గుర్తుంది. గీయడం కాదు ఇప్పుడు ప్రశ్న.

ఆమె రబ్బరు చాప మీద మూడు కార్డులు పరిచింది. మొదటిది అరచెయ్యంత ఉంది, దీంతో సినిమాలు చూసుకోవచ్చు, మీ బొమ్మలు మాత్రం తిరగవు అంది. మూడోది రెండు ఫ్యాన్లది, ఆటల కెఫేలో మూడేళ్లు రాత్రీపగలూ తిరిగొచ్చింది, బలం ఉంది కానీ దానికి వేరే కరెంటు తీగ కావాలి. మీ పవర్ సప్లై మూడొందల వాట్లు, దీన్ని తగిలిస్తే అది అమ్మా అని కూర్చుంటుంది, పైగా పొడవు చూడండి, డిస్కుల అరకి కొట్టుకుంటోంది, అని లోపల పెట్టి చూపించింది. మధ్యది నాలుగు జీబీ, ఒకే ఫ్యాను, బోర్డు ఇచ్చే కరెంటుతోనే బతుకుతుంది. "ఇదైనా మీ ప్రాసెసరుతో పూర్తిగా పరిగెత్తదు. కార్డు రమ్మంటుంది, ప్రాసెసరు కుంటుతుంది. అయినా ఇప్పటికన్నా పదింతలు నయం." ఇవే మాటలు రెండేళ్ల కిందట కూడా ఇదే వరసలో చెప్పింది. అప్పుడు అతను మధ్యదాన్ని చేతిలోకి తీసుకుని, నెలకి వచ్చేదాంట్లో మూడో వంతు అని మనసులో అనుకుని, బల్ల మీద పెట్టేశాడు. ఆ నెల భార్య పన్ను కట్టించాలి. ఆ తరవాతి నెల అమ్మాయి కళ్లద్దాలు. ఆ తరవాత ఏమీ లేదు. ఏమీ లేకపోయినా రాలేదు. అలవాటైపోయింది. ఇంటి త్రీడీ మోడల్‌ని ఒక్కసారి తిప్పితే స్క్రీన్ బిగుసుకుపోయేది, భార్య పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలిచేది, ఈ డబ్బా ముందు ఇంకెన్నాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారండీ అనేది, ఇల్లు తిరిగేలోపు గిన్నె నిండేది.

అప్పుడే కనిపెట్టాడు ఆ కిటుకు. కనిపెట్టానని సంబరపడ్డాడు కూడా. డ్రాయింగులో ఒక్కో రకం వస్తువుకి ఒక్కో లేయర్ ఉంటుంది, గోడలొకటి, స్తంభాలొకటి, అడుగుకమ్మీలొకటి, పైకమ్మీలొకటి. లేయర్ల జాబితాలో ప్రతి పేరు పక్కనా చిన్న బల్బు బొమ్మ. బల్బు ఆర్పితే ఆ లేయర్ కనపడదు, కంప్యూటరుకి దాని బరువు తగ్గుతుంది. పైకమ్మీలు వేలల్లో ఉంటాయి కాబట్టి దాన్ని ఆర్పితే డబ్బా ఊపిరి పీల్చుకుని పని చేసేది. పని అయ్యాక బల్బు వెలిగించి సేవ్ చేసి, పెన్ డ్రైవులో ఎక్కించి ప్రింట్ల షాపుకి పంపాలి. వాళ్లు ఫైలు ఎలా ఉంటే అలా తీస్తారు. ఆరిన లేయర్ కాగితం మీద పడదు. వెలిగించడం మరిచిపోతే. మరిచిపోతాడా. ఇన్నేళ్లలో. ఎవరైనా గుమ్మడికాయల దొంగ అన్నారా, భుజాలు తడుముకోవడం ఎందుకు. పని నేర్పిన గురువు గారి దగ్గర లేయర్లు లేవు, ట్రేసింగ్ కాగితం, సిరా పెన్ను, తప్పు పడితే బ్లేడుతో గీకడమే, గీకితే కాగితం పల్చబడి ఎవరు చూసినా ఇక్కడ తప్పు చేశాడని తెలిసేది. గీసింది కాగితం మీద ఉండేది. కాగితం మీద లేనిది గీయలేదనే. ఆయనకి చివర్లో చేతులు వణికేవి. బల్లకి మోచెయ్యి ఆనించి గీసేవారు. ఆ మోచెయ్యి దగ్గర చొక్కా ఎప్పుడూ చిరిగి ఉండేది.

"మధ్యది పెట్టమ్మా" అన్నాడు. "ధర అడగరా?" అంది ఆమె. అడగలేదు. ఆమె ఒక క్షణం అతని మొహం చూసి, కార్డుని కవర్లోంచి తీసి స్లాటులో కూర్చోబెట్టి, క్లిక్కుమనేదాకా నొక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే కాబోలు, ఆకు ఖరీదైనదే పట్టుకుంటున్నాడు.

పదీ యాభై అయిదుకి ఇంజినీరు గారి రెండో ఫోను. ఈసారి గొంతు తేలికపడింది. "కమ్మీల మేస్త్రీని స్టేషనుకి తీసుకెళ్లారయ్యా. పైకమ్మీలు కట్టకుండా ఇనుము మిగుల్చుకున్నాడని ఇంటివాళ్లు రాసిచ్చారు. నువ్వు కంగారుపడకు. సైటు కాపీ సిమెంటు నీళ్లలో ఎప్పుడో పోయింది. నా దగ్గరున్నది దొరకడం లేదు, ఎలుకలు తిన్నాయనుకో. మిగిలింది నీ ఫైలు. అందులో పైకమ్మీలు కనిపిస్తే నువ్వు క్షేమం, నేను క్షేమం." "కంప్యూటరు షాపులో ఉన్నానండీ." "అక్కడినుంచే పంపు. సంతకం నాది, గీత నీది, గుర్తు పెట్టుకో."

మేస్త్రీ. అటువైపు వెళ్లకూడదనుకుంటూ పొద్దుట్నించీ పక్కదారుల్లో తిరిగాడు, ఇక దారి లేదు. మేస్త్రీకి కింది పెదవి మీద తీగ గీసుకున్న మచ్చ ఉంది. డ్రాయింగు మీద రాసింది చదవలేడు, గీతలు మాత్రం చదువుతాడు, వేలు పెట్టి ఒక్కో కమ్మీ లెక్కపెట్టి నేల మీద సుద్దతో వేసుకుంటాడు. ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. సాయంత్రం. ఇంకో ఇంటి మోడల్ తిప్పబోతే స్క్రీన్ బిగుసుకుపోయింది, సేవ్ చేశానో లేదో తెలియదు, రెండు గంటల పని, ఆ సమయంలో ఫోను. "సార్, మూడో అంతస్తు బాల్కనీకి పైన కమ్మీలు కనపడట్లేదు. కింద రెండంతస్తులకీ ఉన్నాయి. ఒకసారి చూసి చెప్పండి సార్, మీ మాటే నాకు కాగితం." కింద రెండంతస్తుల షీట్లు ముందు వారం ప్రింటుకి వెళ్లాయి. మూడోది వేరే రోజు వెళ్లింది. చూడాలంటే ఆ మోడల్ తెరవాలి. తెరవాలంటే ఇది మూసెయ్యాలి. ఇది కదలడం లేదు. "కాగితంలో ఉన్నట్టు కట్టవయ్యా" అన్నాడు. "సార్, గాల్లో ఉండే పలక కదా." "చెప్పాను కదా. కాగితంలో ఉన్నట్టు కట్టు." మేస్త్రీ సరే సార్ అన్నాడు. స్క్రీన్ మళ్లీ కదిలింది. రెండు గంటల పని పోలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

కాంక్రీటు గట్టిపడేదాకా కింద ఆసరాగా పెట్టే సెంట్రింగ్ తీసిన రోజే పడాల్సింది. ఏడాదిన్నర ఎలా నిలబడింది. మేస్త్రీ మనసొప్పక అడుగుకమ్మీలనే కొంచెం పైకి ఎత్తి కట్టి ఉంటాడు, తనకి తోచినంత. ఆ ఎత్తినంతే ఏడాదిన్నర మోసింది. ఆ మనిషి ఇప్పుడు స్టేషనులో బెంచీ మీద కూర్చుని ఏమంటున్నాడు. సారే కట్టమన్నాడు అంటున్నాడా. ఏ సారు, ఏ ఫోను, ఎవరు విన్నారు.

పదకొండూ ఇరవైకి కంప్యూటరు వెలిగింది. షాపావిడ ఎవరికి కార్డు పెట్టినా అన్నిటికన్నా బరువైన ఫైలు తెరిపించి చూస్తుంది, అది తిరిగితే అన్నీ తిరుగుతాయని. "మీ దగ్గర ముసలమ్మలాంటి ఫైలు ఏదైనా ఉంటే చెప్పండి." అతను చెప్పాడు. చిన్నగా, ఇంటి యజమాని ఇంటిపేరు, అంతే. తెరుచుకుంది. ఆమె మౌసుతో తిప్పింది, ఇల్లు తిరిగింది, ఎక్కడా ఆగకుండా, నాలుగు పక్కలూ, పైనుంచి, కిందనుంచి, బొంగరంలా. "చూశారా, రెండేళ్ల కిందటే తీసుకుని ఉంటే," అని ఆమె ఏదో అంటోంది. అతను బాల్కనీ చూస్తున్నాడు. అడుగున సన్నటి గీతలు. పైన ఏమీ లేదు. లేయర్ల జాబితాలో పైకమ్మీల పక్కన బల్బు ఆరి ఉంది. ఫైలు చివరిసారి సేవ్ అయిన రోజు, మూడో అంతస్తు షీటు ప్రింట్ల షాపుకి పంపిన రోజు, ఒకటే.

"ఇదేంటి బాబాయ్, ఇదొక్కటే ఆర్పి ఉంది?" అంటూ ఆమె దాని మీద నొక్కింది. బల్బు వెలిగింది. బాల్కనీ పైన కమ్మీలు వచ్చి కూర్చున్నాయి, అయిదంగుళాలకొకటి, గదిలోకి అయిదడుగులు, అన్నీ. "అమ్మో, ఇన్నా! ఇన్ని ఉన్నా తిరుగుతోంది చూడండి." తిరుగుతోంది. చూడటానికి ఎంత బాగుంది. ఇలాగే కట్టి ఉంటే ఆవిడ ఈపాటికి బట్టలు ఆరేసి లోపలికి వెళ్లి, ఇంకో పనిలో ఉండేది. ఆమె ఫైలు మూయబోయింది. స్క్రీన్ మధ్యలో చిన్న పెట్టె వచ్చింది. "మార్పులు సేవ్ చేయాలా అంటోంది. చేసెయ్యనా?"

చేసెయ్యి అంటే చాలు. తను తాకను కూడా తాకలేదు. కార్డు పరీక్ష చేస్తూ షాపులో ఎవరో నొక్కారు. తేదీ మారుతుంది, మారితే ఏం, కార్డు మార్చిన రోజే కదా, రసీదు కూడా ఉంటుంది. ఫైలు తెరిచిన ప్రతివాడికీ పైకమ్మీలు కనిపిస్తాయి. డ్రాఫ్ట్స్‌మన్ గీశాడు, ఇంజినీరు సంతకం పెట్టాడు, మేస్త్రీ ఎగ్గొట్టాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ పంచనక్కర్లేదు, మొత్తం ఒకడి దోసిట్లో పోసేయొచ్చు. అమ్మాయికి ఇంకా రెండేళ్ల చదువు ఉంది. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి. ఒక్కసారే కదా. ఒక్కసారేనా. ఆ ఆలోచన అక్కడ ఆగి, వెనక్కి తిరిగి అతన్నే చూసింది. ఈ కిటుకు మొదలుపెట్టి ఎన్నాళ్లయింది. రెండేళ్ల పైనే. ఈ రెండేళ్లలో బాల్కనీలున్న ఇళ్లు ఎన్ని గీశాడు. రైలు పట్టాల పక్కన నాలుగంతస్తులది. దంతవైద్యుడిది. అన్నదమ్ములు పక్కపక్కన కట్టుకున్న రెండు. పెద్ద గేటుది. లెక్కపెడుతున్నాడు, వేళ్లు అయిపోయాయి. ఇది కాకుండా పదకొండు. ఒక్కోదానికీ పని మధ్యలో బల్బు ఆర్పాడు. ఒక్కోదానికీ ప్రింటుకి పంపేముందు వెలిగించాడు. వెలిగించాడనే అనుకుంటున్నాడు. ఇవాళ పొద్దున దీని గురించి కూడా అలాగే అనుకున్నాడు. ఈ టైముకి ఆ పదకొండిళ్లలోనూ ఎవరో ఒకరు బాల్కనీలో నిలబడి ఉంటారు.

"బాబాయ్? సేవ్ చెయ్యనా?"

"వద్దు."

"వద్దా?"

"వద్దమ్మా. ఎలా ఉందో అలాగే మూసెయ్యి. ఇంకెప్పుడూ దాన్ని తెరవొద్దు."

ఆమె మూసేసింది. గడియారం పదకొండూ ముప్పై ఎనిమిది. అతను ఇంజినీరు గారికి ఫోను చేశాడు. "ఫైల్లో ఆ లేయర్ ఆరి ఉందండీ. కాగితం మీద పైకమ్మీలు పడలేదు. మేస్త్రీ నాకు ఫోను చేసి అడిగాడు కూడా. నేనే అలాగే కట్టమన్నాను." "మతి ఉండే మాట్లాడుతున్నావా? నిన్నెవరైనా అడిగారా ఇదంతా?" "అడగలేదండీ." "అడగనప్పుడు చెప్పడం ఏమిటి? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? మేస్త్రీకి రేపు బెయిలొస్తుంది, నీకు పోయిన పేరు వస్తుందా?" "స్టేషనుకి వస్తానండీ. ముందు మిగతా ఇళ్లు చూడాలి." "మిగతా ఇళ్లేమిటి?" అని ఆయన గొంతు మారింది. "ఏ మిగతా ఇళ్లయ్యా?" అతను ఫోను పెట్టేశాడు.

స్టూలు బల్ల దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. మౌసు అందుకోబోయాడు. అతను ఇంజినీరు గారితో అన్న మాటలన్నీ షాపావిడ విన్నది. ఏమీ అడగకుండా మౌసు తన చేతిలోకి తీసుకుంది. "ఫైలు పేరు చెప్పండి, నేను తెరుస్తా. బల్బు చూడటమేగా?" అతను చెప్పాడు. పాత కార్డయితే ఒక్కోదానికి అరగంట పట్టేది, సగం తెరుచుకునేవే కాదు, ఇప్పుడు రెండు నిమిషాలు. దంతవైద్యుడిది వెలిగి ఉంది. అన్నదమ్ముల్లో పెద్దవాడిది వెలిగి ఉంది. ఆమె కార్డు వచ్చిన అట్టపెట్టె చింపి దాని వెనక రాసుకుంటోంది, ఒక్కో పేరు ఎదురుగా వెలిగి ఉంది అని. నాలుగోదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. "బాబాయ్, ఇది ఆరి ఉంది." "ఎవరిది?" పేరు ఆమె చదివింది. రైలు పట్టాల పక్కది, నాలుగంతస్తులు, ఎనిమిది బాల్కనీలు. రైలు వెళ్తే పిల్లలు బాల్కనీలోకి పరిగెత్తుకొస్తారని కొలతలకి వెళ్లినప్పుడు ఇంటావిడ చెప్పింది, అందుకే కటకటాలు ఎత్తు పెంచమంది, పెంచాడు, మూడడుగులున్నదాన్ని నాలుగు చేశాడు. ఫోను నంబరు ఉందా అని షాపావిడ అడిగింది. ఉంది. చేశాడు. మోగుతోంది. తీయలేదు. మళ్లీ చేశాడు. ఒక మగగొంతు, ఎవరూ అంది. "మీ ఇంటి డ్రాయింగులు గీసినవాణ్ణండీ. మీ బాల్కనీల్లోకి ఎవర్నీ వెళ్లనివ్వకండి. తలుపులకి తాళాలు వెయ్యండి." "ఏం, ఎందుకు?" "వేసి రండి, చెప్తాను. లైన్లోనే ఉంటాను." తలుపు చప్పుడు వినిపించేదాకా లైన్లోనే ఉన్నాడు. షాపావిడ అయిదో ఫైలు తెరిచింది.

పన్నెండూ ఇరవైకి పదకొండు ఫైళ్లూ చూడటం పూర్తయింది. ఎనిమిదింట్లో బల్బు వెలిగి ఉంది. మూడింట్లో ఆరి ఉంది. మూడిళ్లలోనూ మనుషులు కాపురం ఉంటున్నారు. రెండిళ్లవాళ్లు ఫోను ఎత్తారు.